పెరట్లోని కట్టెల ఫర్నేస్: ఈ చలికాలం వెలిగించాలా, వద్దా?

ప్రశ్న:

నమస్కారమండీ. మేము ఉత్తర విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. మా వారు ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ ఉంటుంది. ఈ వేసవిలో ఊరి బయట పదెకరాల స్థలంతో పాత ఫార్మ్‌హౌస్ కొన్నాం. ఇంటికి ఎనభై అడుగుల దూరంలో రేకుల షెడ్డులాంటి కట్టెల ఫర్నేస్ ఉంది. అందులో నీళ్ళు కాగి, భూమిలో వేసిన పైపుల ద్వారా ఇంటికి వేడి వస్తుంది. ఇంట్లో ప్రొపేన్ ఫర్నేస్ కూడా ఉంది. అది నాలుగేళ్ళ కిందటిది, 95 శాతం ఎఫిషియెన్సీ అని రాసి ఉంది. "కట్టెలు వేసుకుంటే మీకు ప్రొపేన్ బిల్లే ఉండదు" అని పాత ఓనరు చెప్పాడు. ఆ మాట మీద ఆగస్టులో కొట్టిన ఓక్ కట్టెలు ఎనిమిది ఫేస్ కార్డులు (ఇక్కడ కట్టెలు అమ్మే కొలత) కొన్నాం, ఒక్కోటి వంద డాలర్లు. అక్టోబరులో వెలిగించి చూస్తే పొగ విపరీతంగా వచ్చింది. పక్కింటి పెద్దావిడ వచ్చి, తమ ఇంట్లోకి పొగ వస్తోందని మర్యాదగానే చెప్పి వెళ్ళింది. డిసెంబరులో గుంటూరు నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. మామయ్యగారికి ఆస్తమా. మా పాపకి మూడేళ్ళు. మా వారు డ్యూటీలో ఉంటే కట్టెలు నేనే వేయాలి. ఒకళ్ళు బంగారంలాంటి మిషన్ అంటారు, ఇంకొకళ్ళు ఇంటి ఇన్సూరెన్స్ పోతుందంటారు. చాలా టెన్షన్‌గా ఉంది. దీన్ని వాడాలా, పీకించేయాలా? ఇంకో చిన్న సందేహం. దాని బూడిద తోటలో గోంగూర, టమాటా మొక్కలకి వేయొచ్చా?

– ఒక సోదరి, విస్కాన్సిన్

సమాధానం:

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. ఈ చలికాలం దాన్ని వెలిగించకండి. ప్రొపేన్‌తోనే గడపండి. ఉంచాలా పీకించాలా అన్నది వచ్చే వేసవిలో తీరిగ్గా తేల్చుకోవచ్చు. అయితే వెలిగించకూడదు అనుకున్నాక వెంటనే చేయాల్సిన పని ఒకటి ఉంది. మిషన్‌లోనూ పైపుల్లోనూ ఉన్న నీళ్ళని అలా వదిలేయకూడదు. దాని గురించి కింద వివరంగా రాశాను. తీరిక లేకపోతే ముందు ఆ భాగం చదివి ఫోన్ చేసేయండి.

ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఆ షెడ్డు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. మన ఇళ్ళల్లో ఒకప్పుడు పెరట్లో వేన్నీళ్ళకి రాగి బాయిలర్ ఉండేది. మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. మీ దగ్గర ఉన్నది దానికి పెద్దన్నయ్య. మధ్యలో మొద్దులు పట్టేంత ఇనుప పొయ్యి, దాని చుట్టూ వంద గ్యాలన్లకి పైగానే నీళ్ళు. ఆ నీళ్ళు ఇంచుమించు 180 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 82 సెల్సియస్ దాకా కాగుతాయి. ఒక పంపు వాటిని భూమిలోని పైపుల ద్వారా ఇంట్లోకి పంపుతుంది. మీ ప్రొపేన్ ఫర్నేస్ పైన గాలి వెళ్ళే పెట్టెలో కారు రేడియేటర్ లాంటి కాయిల్ ఒకటి బిగించి ఉంటుంది. వేన్నీళ్ళు అందులో తిరుగుతుంటే ఫర్నేస్ ఫ్యాన్ దాని మీదుగా గాలి తోసి గదులకి పంపుతుంది. చల్లబడిన నీళ్ళు మళ్ళీ షెడ్డుకి పోతాయి.

ఏర్పాటు తెలివైనదే. నిప్పు, బూడిద, పురుగులు ఏవీ ఇంట్లోకి రావు. లోపం ఎక్కడంటే, ఇంటికి వేడి అక్కర్లేని గంటల్లో. నీళ్ళు కావలసినంత కాగగానే మిషన్ గాలి రంధ్రం మూసేస్తుంది. గాలి ఆగినంత మాత్రాన పొయ్యినిండా ఉన్న మొద్దులు ఆరిపోవు. ఊపిరాడక లోలోపల కుములుతూ ఉంటాయి. కట్టెలోంచి వచ్చే వాయువులు మండకుండానే పొగై పోతాయి. కొంత పొగగొట్టంలో తారులా పేరుకుంటుంది, మిగతాది బయటికి వస్తుంది. అక్టోబరులో మీ ఇంటికి రోజంతా కలిపి కొన్ని గంటల వేడి చాలు, మిగతా సమయమంతా ఆ మిషన్ కుములుతూనే ఉంటుంది. మీరు చూసిన విపరీతమైన పొగకి సగం కారణం అది. రెండో సగం కట్టెలది, దానికి వస్తాను.

ఈ పొగ సామాన్యంగా పైకి పోదు. మామూలు పొగగొట్టం ఇంటి కప్పు దాటి ఉంటుంది, పొగ వేడిగా ఉండి పైకి లేస్తుంది. వీటి గొట్టం పొట్టి. నీళ్ళు వేడినంతా లాగేసుకుంటాయి కాబట్టి పొగ చల్లగా, బరువుగా వస్తుంది. గాలి ఆడని చలి రాత్రుల్లో నేల దగ్గర చల్లగాలి, దాని మీద మూతలా కాస్త వెచ్చటి గాలి పొర ఉంటుంది. పొగ ఆ మూత కిందే పాకుతుంది. పక్కింటి పెద్దావిడ ఇంట్లోకి వెళ్ళింది ఆ పొగే. మీ ఇంట్లోకీ వచ్చి ఉంటుంది, పొయ్యి మనదైతే మనకి వాసన త్వరగా అలవాటైపోతుంది. అందులో ఊపిరితిత్తుల లోపలికంటా పోయే సన్నటి నుసి, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ ఉంటాయి. తలుపులూ కిటికీలూ మూసినా ఆ నుసి ఆగదు. పాత ఇల్లయితే అసలు ఆగదు.

మీ మామయ్యగారికి ఆస్తమా అన్నారు. నాకు ఆ ఒక్క మాట చాలు. మైనస్ ఇరవై చలిలో ఆయన బయటికి వెళ్ళలేరు. నెలల తరబడి మూసిన ఇంట్లోనే ఉంటారు. మూడేళ్ళ పాప కూడా అంతే. మీ వారు డాక్టరు కాబట్టి ఆస్తమాకి పొగ ఏం చేస్తుందో నేను ఆయనకి చెప్పనక్కర్లేదు. ఇన్హేలర్లు, మందుల చీటీ గుంటూరు నుంచే సరిపడా తెచ్చుకోమనండి. ఇక్కడ విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బులకి డబ్బివ్వవు.

ఇక కట్టెలు. ఆగస్టులో కొట్టిన ఓక్ డిసెంబరుకి ఎండదు. ఓక్ మొండి కట్టె. చీల్చి పేర్చాక కనీసం రెండు వేసవులు కావాలి. పచ్చి కట్టె బరువులో సగానికి దగ్గరగా నీళ్ళే ఉండొచ్చు. అవి 20 శాతం లోపుకి రావాలి. ఒక ఫుల్ కార్డు (ఈ కొలత కింద చెబుతాను) రెడ్ ఓక్ పచ్చిగా ఉన్నప్పటి బరువుకీ, ఎండాక ఉండే బరువుకీ తేడా దాదాపు 1,400 పౌండ్లు, 600 కిలోల పైమాట. అన్ని నీళ్ళనీ మీ పొయ్యి ముందు ఆవిరి చేయాలి. అందుకు వేడి పోతుంది, పొయ్యి చల్లబడుతుంది, పొగ ఇంకా పెరుగుతుంది. హార్డ్‌వేర్ షాపులో తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, ఖరీదు తక్కువే. మొద్దు పైన గుచ్చి చూస్తే తప్పు లెక్క చూపిస్తుంది. మొద్దుని అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చండి. మీ ఓక్‌లో ముప్ఫైకి పైన చూపిస్తే నేనేం ఆశ్చర్యపోను.

కట్టెలు కొనేటప్పుడు మీకెవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఫుల్ కార్డు అంటే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డుకీ ఎత్తు పొడవులు అంతే, కానీ లోతు ఒక మొద్దు పొడవే, మామూలుగా 16 అంగుళాలు. అంటే మూడో వంతు. మీ ఎనిమిది ఫేస్ కార్డులు కలిపితే రెండున్నర ఫుల్ కార్డులకి కాస్త ఎక్కువ. ఉత్తర విస్కాన్సిన్‌లో పాత ఫార్మ్‌హౌస్‌కి ఇలాంటి పాత మిషన్ చలికాలంలో పది ఫుల్ కార్డులు దాటి తినడం మామూలే. మీరు వెలిగించినా ఆ కట్టెలు సంక్రాంతి దాకా కూడా రావు.

డబ్బు లెక్క కూడా వేద్దాం, ఎందుకంటే అసలు భయం ప్రొపేన్ బిల్లు గురించే కదా. ఎండిన రెడ్ ఓక్ ఫుల్ కార్డులో సుమారు 2.4 కోట్ల బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటుంది. పాత మిషన్ అందులో 40 శాతం ఇంటికి చేర్చిందనుకుందాం. పాతవాటికి అది మంచి మార్కే. ఒక్కో కార్డుకి 96 లక్షల బీటీయూలు దక్కుతాయి. ఒక గ్యాలన్ ప్రొపేన్‌లో 91,500 బీటీయూలు, మీ 95 శాతం ఫర్నేస్ అందులో 87,000 దాకా ఇంటికిస్తుంది. అంటే ఒక ఫుల్ కార్డు ఎండు ఓక్ సుమారు 110 గ్యాలన్ల ప్రొపేన్‌కి సమానం. మీ దగ్గరున్న కట్టెలన్నీ కలిపి, అవి బాగా ఎండి ఉంటే, 300 గ్యాలన్లకి కొంచెం తక్కువ. గ్యాలన్ రెండు డాలర్లనుకుంటే 600 డాలర్లు. మీరు కట్టెలకి పెట్టింది 800. మీ ప్రొపేన్ కంపెనీ ధర వేసి మళ్ళీ చూసుకోండి. పచ్చి కట్టెలతో అయితే ఆ 300 గ్యాలన్ల మాట కూడా ఉండదు. పాత ఓనరు అబద్ధం చెప్పాడని నేననుకోను. ఆయన తన అడవిలో తనే చెట్లు కొట్టుకుని ఉంటాడు. తన శ్రమకి లెక్క కట్టి ఉండడు. కట్టెలు కొనుక్కునేవాళ్ళకి ఆ లెక్క పనికిరాదు.

ఇంకో మాట, ఇది మీకు నేరుగా చెబుతున్నాను. "కట్టెలు నేనే వేయాలి" అని ఒక్క వాక్యంలో రాసేశారు. అది ఒక్క వాక్యం పని కాదమ్మా. చలి ముదిరితే రోజుకి రెండుసార్లు, పాప నిద్రపోతున్నా ఏడుస్తున్నా, మంచు తొక్కుకుంటూ ఎనభై అడుగులు వెళ్ళి, బరువైన మొద్దులు ఎత్తి వేయాలి. తలుపు ఒక్కసారిగా తెరిస్తే లోపల మూగి ఉన్న వాయువులు గాలి తగిలి భగ్గుమని ముఖం మీదికి వస్తాయి. తెలిసినవాళ్ళు ముందు గాలి రంధ్రం తెరిచి, తలుపు కాస్తే వారగా తీసి, పక్కకి నిలబడి, అర నిమిషం ఆగుతారు. అర్ధరాత్రి ఇంట్లో ఉన్న పెద్దది మీరొక్కరే అయినప్పుడు ఆ పని మీ మీద పెట్టే ఏర్పాటు నాకు నచ్చలేదు. ఈ విషయం మీ వారికి చదివి వినిపించండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మంటా పెట్టక, నీళ్ళూ తీయక వదిలేస్తే జనవరిలో లోపల గడ్డకట్టి ఇనుము చీలుతుంది, పైపులూ పంపూ పోతాయి. మీ మిషన్ కంపెనీ పేరు తలుపు మీదో వెనకవైపో ఉంటుంది. దగ్గరలో ఆ డీలర్‌కో, బాయిలర్ పని తెలిసిన ప్లంబర్‌కో ఈ వారమే ఫోన్ చేయండి. మిషన్ ఖాళీ చేసి, భూమిలోని పైపుల్లో కంప్రెసర్‌తో గాలి ఊది నీళ్ళన్నీ తీయమనండి. వంటింటి వేన్నీళ్ళకి కూడా దీన్ని కలిపి ఉంటే ఆ కనెక్షన్ వాల్వు మూయించండి. లోపలి బూడిదంతా గీకించాలి, తడి తగిలిన బూడిద ఇనుముని తినేస్తుంది. గొట్టానికి మూత పెట్టించాలి. ఎవరైనా నీళ్ళు తీయక్కర్లేదు, యాంటీఫ్రీజ్ పోస్తే సరిపోతుంది అంటే, ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రమే అని గట్టిగా చెప్పండి. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, మీరు వాడుకునే నీళ్ళ పైపుతో సంబంధం ఉన్నచోట దాన్ని రానివ్వకూడదు.

అదే మనిషి చేత ఇంకొకటి చూపించుకోండి. భూమిలోని పైపులు ఎలాంటివి? మంచివాటికి రెండు పెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) గొట్టాల చుట్టూ గట్టి ఫోమ్ పోసి, బయట నీళ్ళు చొరని తొడుగు ఉంటుంది. చవకరకం అయితే రేకు కాగితంలాంటిది చుట్టి ముడతల గొట్టంలో దూర్చేస్తారు. కొన్నాళ్ళకి అందులో నేలనీళ్ళు నిండి వేడంతా మట్టికి పోతుంది. పక్కింటావిడ చాలాకాలంగా అక్కడే ఉంటే ఆవిడని అడగండి, చలికాలంలో మీ షెడ్డు నుంచి ఇంటిదాకా మంచు నిలవకుండా ఒక చార కనిపించేదా అని. కనిపించేది అంటే పాత ఓనరు ఏళ్ళ తరబడి పెరటి నేలకి కూడా వేడి పెట్టాడన్న మాట.

ప్రొపేన్ బిల్లు తగ్గించే దారి ఆ షెడ్డులో కన్నా మీ అటక మీద ఎక్కువ ఉంది. పాత ఫార్మ్‌హౌస్‌లలో వేడి గాలి పై కప్పు సందుల్లోంచి పోతుంది, దాని బదులు కింద బేస్‌మెంట్ సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ముందు ఆ సందులు మూయించి, తర్వాత అటక మీద ఇన్సులేషన్ వేయించాలి. మీ ప్రాంతానికి ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలంటారు (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత). సందులు మూయకుండా ఇన్సులేషన్ పరిస్తే డబ్బులో సగం వృథా. విస్కాన్సిన్‌లో ఫోకస్ ఆన్ ఎనర్జీ అనే కార్యక్రమం ఉంది. మీ కరెంటు కంపెనీ అందులో ఉంటే ఈ పనులకి రిబేట్ దొరకొచ్చు, పని మొదలుపెట్టకముందే అడగండి. ఈ సంవత్సరానికి కనీసం బేస్‌మెంట్ అంచులు, అటక తలుపు, పాత కిటికీలు చూసుకోండి. ప్రొపేన్ ట్యాంకు 30 శాతానికి తగ్గగానే నింపించండి, తుఫానులో లారీ రాలేదు. వచ్చే ఏడాదికి వేసవిలోనే ధర ఖాయం చేసుకునే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంటుంది. మామయ్యగారి కోసం ఫర్నేస్‌లో మెర్వ్ 13 రకం (సన్నటి నుసిని కూడా పట్టే) ఫిల్టర్ పెట్టించండి, మీ ఫ్యాన్ దాన్ని తట్టుకుంటుందో లేదో మాత్రం మెకానిక్‌ని అడిగి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో కూడా చూడండి. ప్రొపేన్ కాలే ఇంట్లో అది తప్పనిసరి.

వచ్చే వేసవికి వచ్చే ప్రశ్న: ఉంచాలా, పీకించాలా? ముందు మిషన్ వయసు తేల్చండి. వెనకాల ఈపీఏ లేబుల్ ఉందా చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2015లో వీటికి మొదటిసారి దేశమంతటా తప్పనిసరి ప్రమాణం పెట్టింది. 2020 మే 15 నుంచి అది ఇంకా కఠినమైంది. ఇంటికిచ్చే ప్రతి పది లక్షల బీటీయూల వేడికి నుసి 0.10 పౌండు మించకూడదు, మామూలు చీల్చిన కట్టెలతో పరీక్షిస్తే 0.15. అంతకు ముందు హద్దు 0.32. ఏ లేబులూ లేకపోతే మీది ఆ లెక్కలకి ముందుది, హద్దనేదే లేని కాలానిది. విస్కాన్సిన్‌లో వీటి మీద నియమాలు చాలావరకు ఊరు ఊరికీ మారతాయి, మీ టౌన్ క్లర్క్‌ని అడిగితే చెబుతారు. పోలికకి న్యూయార్క్ రాష్ట్రం చూడండి. అక్కడ 2011 నుంచి కొత్తగా పెట్టేవాళ్ళు పక్కవాళ్ళ సరిహద్దుకి కనీసం వంద అడుగుల దూరంలో పెట్టాలి, పొగగొట్టం నేల నుంచి కనీసం 18 అడుగులు ఉండాలి. మీది ఆ రెండు కొలతలకీ తూగుతుందేమో ఒక టేపు పట్టుకుని చూసి రండి.

లేబుల్ లేనిదైతే నా సలహా, పీకించి పాత ఇనుము కింద ఇచ్చేయండి. "ఆన్‌లైన్‌లో పెడితే ఎవరో ఒకరు కొంటారు" అని మీకు చెప్పేవాళ్ళుంటారు. కొంటారు, నిజమే. అప్పుడు ఇంకో ఇంట్లో ఇంకో పాప ఆ పొగ పీలుస్తుంది. ఆ వచ్చే కొద్ది డాలర్లు వదులుకోమని మిమ్మల్ని అడుగుతున్నాను.

మీ వారికి నిజంగా కట్టెల పని ఇష్టమైతే, సెలవు రోజున అడవిలో గడపడం ఆయనకి హాయి అయితే, అది వేరే సంగతి. పదెకరాల్లో చెట్లున్నాయి కాబట్టి కొత్త తరం మిషన్ గురించి ఆలోచించొచ్చు. అందులో కట్టెలోంచి వచ్చే వాయువులు రెండో గదిలో బాగా వేడి మీద మండుతాయి, పొగ దాదాపు కనిపించదు. దానితో పాటు వేన్నీళ్ళు నిలవ చేసే పెద్ద ట్యాంకు ఉండాలి. అప్పుడు మంట ఒకేసారి జోరుగా మండి ఆరిపోతుంది, వేడి ట్యాంకులో దాగి రోజంతా ఇంటికి వస్తుంది, కుమలడం అనేదే ఉండదు. ఖర్చు మాత్రం వేల డాలర్లలో ఉంటుంది. తిరిగొచ్చే నీళ్ళు 140 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే పొయ్యి లోపల చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది, దానికో మిక్సింగ్ వాల్వు పెట్టించాలి. నీళ్ళలో తుప్పు మందు వేసి ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది కాబట్టి జనరేటర్ కావాలి. మీరు ఊరెళ్ళినప్పుడు చూసే మనిషి ఉండాలి. ఇదంతా చదివాక కూడా ఆయన కళ్ళు మెరిస్తే పెట్టుకోండి. లేకపోతే, చలి ప్రాంతాల కోసం చేసిన హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపే కరెంటు మిషన్) పెట్టించి, మరీ చలి ముదిరినప్పుడు ప్రొపేన్‌కి మారే ఏర్పాటు మీలాంటి కుటుంబానికి ఎక్కువ సుఖం. నేనైతే మీకు అదే చెబుతాను.

కట్టెలు సొంతంగా కొట్టుకోవాలనుకుంటే రెండు జాగ్రత్తలు. మీ స్థలంలో నిలువునా ఎండిన యాష్ చెట్లు ఉండే ఉంటాయి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడి, 2008కి విస్కాన్సిన్ చేరి, లెక్కలేనన్ని యాష్ చెట్లని చంపింది. యాష్ మంచి కట్టె, ఓక్ కంటే త్వరగా ఎండుతుంది. కానీ ఆ పురుగు తిన్న చెట్టు పెళుసైపోతుంది, రంపం పెట్టగానే పైకొమ్మలు విరిగి నెత్తిన పడతాయి. వాటిని అనుభవమున్నవాళ్ళ చేతే కొట్టించండి. ఓక్ చెట్లని ఏప్రిల్ నుంచి జూలై దాకా ముట్టుకోకండి. ఆ నెలల్లో గాయమైతే ఓక్ విల్ట్ అనే తెగులు సోకుతుంది. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు జింకల తుపాకి వేట సీజన్. ఆ రోజుల్లో సొంత స్థలంలోకైనా నారింజ రంగు చొక్కా, టోపీ లేకుండా ఎవరూ వెళ్ళొద్దు.

ఇప్పుడున్న ఓక్‌ని పారేయకండి. ప్యాలెట్ల మీద నేలకి తగలకుండా, ఎండా గాలీ వచ్చేచోట పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు వదిలేయండి. టార్పాలిన్ చుట్టూ కట్టేస్తే బూజు పడుతుంది. రెండు వేసవుల తర్వాత అది మంచి సరుకు. అమ్మాలనుకుంటే మీ చుట్టుపక్కలవాళ్ళకే అమ్మండి, కట్టెలతో పాటు పురుగులూ ఊళ్ళు మారతాయి.

ఇన్సూరెన్స్ గురించి మీరు విన్నదాంట్లో కొంత నిజముంది. మిషన్ ఉందని కంపెనీకి తెలియకపోవడమే అసలు ప్రమాదం. కొన్ని కంపెనీలు ఇంటి నుంచి దూరం అడుగుతాయి, కొన్ని ఫొటోలు అడుగుతాయి, కొన్ని ఒప్పుకోవు. మీ ఏజెంట్‌కి ఈమెయిల్ రాయండి: ఇలాంటిది ఉంది, ఈ చలికాలం వాడటం లేదు, నీళ్ళు తీయించాం అని. జవాబు దాచుకోండి.

పక్కింటి పెద్దావిడ దగ్గరికి మీరిద్దరూ వెళ్ళండి. ఆవిడ టౌన్‌కి ఫిర్యాదు చేయకుండా మీ తలుపు తట్టింది, అది చాలా పెద్ద మనసు. ఈ ఏడాది వెలిగించడం లేదని చెప్పండి. వచ్చే ఏడాది ఏం పెట్టినా ముందు చెబుతామని చెప్పండి. పల్లెలో మంచు తుఫాను రాత్రి, మీ వారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మీకు మొదట అందే మనిషి ఆవిడే.

బూడిద ప్రశ్న మిగిలింది. మంచి కట్టెల బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి, మన రైతులు తరతరాలుగా వేస్తున్నదే. కానీ మీ మిషన్‌లో ఇప్పుడున్న బూడిద తోటకి వద్దు. పాత ఓనరు అందులో ఏమేం కాల్చాడో మీకు తెలియదు. చాలామంది చెత్త, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్కలు, డెక్‌ల (ఇంటి బయట వేసే చెక్క అరుగుల) నుంచి పీకిన పాత చెక్కలు కూడా తోసేస్తారు. 2004కి ముందు డెక్‌లకి వాడిన ఆకుపచ్చ ఛాయ చెక్కలో ఆర్సెనిక్ ఉండేది, కాల్చాక అది బూడిదలోనే మిగులుతుంది. ఆ బూడిదని పూర్తిగా చల్లారాక మూటకట్టి చెత్త డిపోకి పంపండి. నిప్పు కణికలు బూడిద కింద రోజుల తరబడి బతికుంటాయి కాబట్టి మూతున్న ఇనప బకెట్‌లో, ఇంటికి దూరంగా ఉంచి చల్లారనివ్వాలి. తర్వాతెప్పుడైనా శుభ్రమైన కట్టెల బూడిద వస్తే, ముందు మట్టి పరీక్ష చేయించండి, విస్కాన్సిన్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళు చేస్తారు. మట్టి పుల్లగా ఉంటే టమాటాలకి కొంచెం చల్లొచ్చు. గోంగూరకి కూడా పలచగా చాలు. బ్లూబెర్రీ మొక్కలు పెట్టుకుంటే మాత్రం వాటి దగ్గరికి బూడిద రానివ్వకండి, వాటికి పుల్లటి మట్టే కావాలి.